అనాగత దుఃఖము

గడచిన మాఘమాసమున నొకనాటి యుదయము పరగడుపున పరీక్షశాలకు బోయి, రక్తమిచ్చి, వారు చేతికిచ్చిన మూతగల చిన్న డబ్బాపై నా పేరును వయస్సును సరిగా వ్రాసిరో లేదో రెండుమారులు చూచుకొని, దానిని నింపి బల్లపై నుంచి యింటికి వచ్చితిని. సాయంకాలమునకు రిపోర్టు వచ్చినది. 18 సంవత్సరములుగా నాకు చక్కెరవ్యాధి కలదు. మూడు నెలల సగటును దెలుపు సంఖ్య 7.5కు ఇటునటుగా నుండుట నాకలవాటైన విషయమే. కాని యీమారు, ఎన్నడును నేను లక్ష్యపెట్టని యొక పంక్తిలో, మూత్రమున గ్రాము క్రియాటినిన్‌కు ఆల్బుమిన్ 46 మిల్లీగ్రాములని యుండెను. దాని ప్రక్కనే, 30కి లోబడి యుండవలెనని చిన్న యక్షరములలో ముద్రింపబడి యుండెను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మరునాడు మా అక్కయ్యతో చెప్పితిని. ఆమెకు 76 యేండ్లు. శనివారపు ఒంటిపూట భోజనమును, ఏకాదశీ వ్రతమును నేటికిని విడువని మనిషి. అంతయు విని, "ప్రతిదానికీ నీకెందుకురా ఇంత భయం? ఆ దేవుడి మీద భారం వేసి హాయిగా ఉండరాదట్రా!" యన్నది. ఆమె యా మాటను వాత్సల్యముతోనే యన్నది గాని నాకది ములుకువలె నాటుకొన్నది. ఏలయన, నిత్యము పూజ చేసికొనువాడను నేనే, పూజకు ముందు వ్రేలిని సూదితో పొడిచి చక్కెర చూచుకొనువాడను నేనే. రక్తపుపోటును, దేహపు తూకమును ఒక నోటుపుస్తకమున తేదీలతో వ్రాసికొనువాడను నేనే. వీనిలో నొకటి మరియొకదానిని బొంకు చేయుచున్నదా? రక్షకుడొకడు కలడని నమ్మినవాడు తన మూత్రపిండములను గూర్చి దిగులు పడుట విశ్వాసలోపమగునా? ఇది నా యొక్కని ప్రశ్న కాదని, చక్కెరవ్యాధితో నేండ్లు గడపిన యాస్తికుల యిండ్లలో నెల్ల నేదో యొకనాడు ఈ మాట పుట్టుచునే యుండునని యెరుగుదును గనుక, దీనిని గూర్చి కొంత సావధానముగా విచారింపదలచితిని.

ముందుగా, భయపడుచున్నది దేనికొరకో తెలిసికొనవలెను. వెన్నెముక కిరుప్రక్కల పిడికెడేసి పరిమాణమున నుండు నీ రెండు పిండములలో నొక్కొక్కదాని యందును ఇంచుమించు 10 లక్షల సూక్ష్మమైన వడపోత యంత్రములు కలవు. మన దేహమున రక్తద్రవము మొత్తము ఇంచుమించు మూడు లీటర్లే. కాని యీ పిండము లొక్క దినములో 180 లీటర్ల ద్రవమును వడగట్టును. అనగా ఉన్న ద్రవమునే అరువదిమారులు చేతికెత్తుకొని, కడిగి, పనికి వచ్చు నీటిని, లవణమును, చక్కెరను తిరిగి లోనికి పంపి, ఒకటిన్నర లీటరు మాత్రము మలినముగా బయటికి విడుచుచున్నవన్నమాట. రక్తమున చక్కెర మితిమీరినపుడు, వడపోతలో నది కూడ మితిమీరి దిగును. దానిని తిరిగి లోనికి లాగికొను గొట్టములు, చక్కెరతోపాటు ఉప్పును గూడ నధికముగా లాగికొనును. క్రిందిభాగమున ఉప్పును కొలుచుచుండు కణములు, తమవరకు వచ్చినది తక్కువయగుటచే వడపోతయే తగ్గినదని భ్రమించి, రక్తము వచ్చు ద్వారమును వెడల్పు చేయించును. దానితో లోపలి పీడనము పెరుగును. ఇందొక విచిత్రము గలదు: తొలి సంవత్సరములలో మధుమేహి మూత్రపిండములు చెడుటకు బదులు మామూలుకంటె నెక్కువ పని చేయును. పెండ్లివారింట తెల్లవారుజామునుండి నిలువుకాళ్లపై తిరుగు ఇల్లాలు, ఆ సందడిలో తన యలసట తానెరుగనట్లు, అవి పరుగెత్తుచునే యుండును. పిమ్మట వడపోత పొరలు దళసరియై, పట్టుదప్పి, రక్తమున నుండవలసిన మాంసకృత్తు బొట్టుబొట్టుగా జారుట కారంభించును. దీనికి నొప్పిలేదు, మంటలేదు. మూత్రమున నురుగు నిలుచుట, పాదములు నీరుపట్టుట మొదలగునవి కనబడునాటికి ఎంతయో పోగొట్టుకొని యుందుము. పోయిన వడపోత యంత్రము మరల మొలవదు.

మధుమేహులలో నిది యందరికిని పట్టు గతి గాదు. ఇంచుమించు మువ్వురిలో నొకరికి పట్టునని వైద్యులందురు. ఆ మువ్వురిలో నేనెవడనో ఇన్నాళ్లును నాకు దెలియకుండెను.

ఆ రాత్రి నేను పడినది యెట్టి భయమో పిదప నెమరువేసికొని చూచితిని. 46 అను నంకెను నూరుమారులు స్మరించితిని. నాకు తెలిసిన కుటుంబములలో మూత్రపిండములు చెడినవారిని వరుసగా లెక్కించితిని. పిల్లలకు భారమగుదునని కన్నీరు గార్చితిని. కాని ఉదయముననే వైద్యుని కలియవలెనన్న యాలోచన మాత్రము తెల్లవారువరకు నాకు రాలేదు. పతంజలి తన యోగసూత్రములలో క్లేశములను పేర్కొనుచు, బ్రతుకును పట్టుకొని వ్రేలాడు అభినివేశమును చివరదిగా జెప్పి, అది విద్వాంసునియందును తనంత తానే ప్రవహించుచుండునని యొప్పుకొనెను. ఈ యొప్పుకోలును నేను మహోపకారముగా భావింతును. శాస్త్రము చదివినవానికి మరణభయము సిగ్గుపడవలసిన విషయము గాదని దానివలన దేటపడుచున్నది. ఆ గ్రంథమునను దానిపై వ్యాసభాష్యమునను మరికొంత ముందునకు బోయిన, గడచిపోయిన దుఃఖము అనుభవముచే తీరిపోయినది, ఇపుడనుభవించుచున్నది చేతిలోనే యున్నది, ఇంకను రాని దుఃఖమొక్కటే పరిహరింపదగినదని చెప్పబడినది. వ్యాసభాష్యము ఆ సందర్భముననే వైద్యశాస్త్రమును దృష్టాంతముగా దెచ్చి, రోగము, రోగహేతువు, ఆరోగ్యము, ఔషధము అని యదెట్లు నాలుగు తెరగులుగా నున్నదో, మోక్షశాస్త్రము నట్లే నాలుగు తెరగులుగా నున్నదని పలికినది. కావున రాబోవు దుఃఖమువంక చూచుటయే దోషమని యీ దేశపు తత్త్వవేత్తలనలేదు. నేనా రాత్రి చూచినది దుఃఖమునే గాని, హేతువునుగాని యౌషధమునుగాని చూడనైతిని. నా తప్పు అందున్నది.

ఈ భయమునకు సంబంధించిన మరియొక సంగతి చెప్పవలెను. 1922లో టొరంటో నగరమున మొదటిసారిగా ఇన్సులిన్ నొక బాలునకు ఎక్కించువరకు, పిన్నవయస్సున తీవ్రమైన మధుమేహము వచ్చినవారు కొలదికాలములోనే గతించుచుండిరి; మూత్రపిండములు చెడువరకు వారు బ్రతికి యుండుటయే లేదు. 1936లో గాని మధుమేహముచే మూత్రపిండములందు గలుగు ప్రత్యేకమైన ముడులను వైద్యులు గుర్తించి వర్ణింపలేదు. ఆయువు పెరిగినకొలది ఈ చింత దాని వెంట వచ్చినది. నా తాతకు ఈ దిగులు లేదన్న మాట నిజమే. ఆయనకు ఈ యేండ్లును లేవు.

వైద్యుడు చిన్నవాడు, నన్ను మాస్టారని పిలుచును. కాగితము చూచి, "కిడ్నీలు నోరు విప్పి చెప్పవు మాస్టారూ, మనమే వెళ్లి అడగాలి, మీరు అడిగారు, మంచిదే అయింది" అన్నాడు. జ్వరము వచ్చినను, మూత్రమున చీము చేరినను, అతిగా శ్రమించినను ఈ యంకె పెరుగవచ్చునని, మూడు నెలలకు మరల చూచిన గాని నిర్ణయింపరాదని నచ్చజెప్పి, పోటును తగ్గించుచు మూత్రపిండములను కాపాడు మాత్ర నొకటి వ్రాసియిచ్చెను. ఉప్పు దినమునకు ఒక చెంచాకు లోబడవలెననెను. అనగా ఆవకాయయు, అప్పడములును, వడియములును నా విస్తరినుండి లేచిపోవలెను. ఇంకొక మాట యెంతయు గట్టిగా జెప్పెను: మోకాళ్ల నొప్పులకని మందులషాపులో నడిగి తెచ్చుకొను మాత్రలు మూత్రపిండములకు శత్రువులని, వానిని ముట్టరాదని. మా యింట డబ్బానిండ నున్న ఆ మాత్రలను ఆ సాయంకాలమే తీసివేసితిని. భయములో సగపాలు ఆ డబ్బాతోనే పోయినది.

బంధువులకు దెలియగానే కొందరు పరామర్శకు వచ్చిరి. వచ్చినవారిలో నొకరు, "చేసుకున్నవారికి చేసుకున్నంత" యని, తామెరిగిన యొక రోగి యెట్లు మిఠాయిలు మానలేక కిడ్నీలు పోగొట్టుకొన్నాడో చెప్పి పోయిరి. కర్మసిద్ధాంతము నింత చౌకగా వాడుట నాకు మిక్కిలి బాధ కలిగించును. శ్రీకాకుళము జిల్లాలో ఉద్దానమను సీమ గలదు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురము మొదలగు చోట్ల కొబ్బరి, జీడిమామిడి, పనసతోటల నడుమ, సముద్రపు గాలిలో, నందనవనమువలె నుండు ఆ పల్లెలలో, దశాబ్దములుగా రైతులును కూలీలును మూత్రపిండముల వ్యాధిచే కుప్పకూలుచున్నారు. వారిలో ననేకులకు చక్కెరవ్యాధి యెన్నడును లేదు. పంచభక్ష్యములు మెక్కినవారు గారు, ఎండలో చెమటోడ్చినవారు. నీటిని, మట్టిని, ఆహారమును ఎందరెందరో పరీక్షించిరి గాని యిదమిత్థమని కారణము తేలలేదు. 2023లో పలాసయందు ప్రభుత్వము ప్రత్యేకముగా మూత్రపిండముల యాసుపత్రిని నెలకొల్పినది. ఆ పల్లెలలో భర్తను పోగొట్టుకొన్న ఇల్లాలి యెదుట నిలిచి, చేసుకొన్నంత యని యనగలవాడెవడు? వేదాంతులు ప్రారబ్ధమను మాటను, విడిచిన బాణము తిరిగిరానట్లు అనుభవించి తీరవలసిన దానిని సహించుటకై, తన్ను గూర్చి తాను చెప్పికొనుటకు ఉద్దేశించిరి గాని, పరుని మంచముకడ నిలుచుండి తీర్పు చెప్పుటకు గాదు. విడిచిన బాణము పోనిమ్ము. అమ్ములపొదిలో నున్నవానిని, వింట సంధించుచున్నదానిని ఆపుట నేటికిని మనచేతిలోనిదే యని కూడ వారు చెప్పియున్నారు. కారిపోయిన ఆల్బుమిన్ నేను తిరిగి తేజాలను. రేపటి విస్తరి నాది.

మా వీధిలో నొక పెద్దమనిషి కలరు; వారమునకు మూడు దినములు, దినమునకు నాలుగేసి గంటలు డయాలసిస్ యంత్రమునకు చేయి యొప్పగించి వచ్చుచుందురు. ఆయన దినమునకు త్రాగదగిన నీరు ఇంతయని కొలత గలదు. ఉదయమున దానిని ఒక సీసాలో పోసికొని, దాహమైనపుడెల్ల చిన్న గ్లాసుతో నందుండియే తీసికొందురు. ఒకనాడు రామాలయమున అర్చకుడు ఉద్ధరిణెతో తీర్థమియ్యగా ఆయన పుచ్చుకొని, కన్నుల కద్దుకొని, నావంక తిరిగి, "ఇది కూడా ఇవాళ్టి లెక్కలోదేనండీ" అనిరి. ఆ మాటలో దైన్యము లేదు. తీర్థమును లెక్కించుటచే నాయన భక్తి తగ్గినదని నేననుకొనజాలను. తనకున్న కొలత నీటిలో ఒక యుద్ధరిణెడు దేవునికొరకై మిగిల్చియుంచుకొన్నవాడు, కడివెడు త్రాగు నాకంటె నెక్కువ యిచ్చినవాడని నాకు తోచినది.

మన పూర్వులు ఈ వ్యాధిని వైద్యముగను వ్రతముగను వేర్వేరుగా జూడలేదు. ప్రమేహములు 20 అని చరకుడు లెక్కించి, రోగి మూత్రమునకు చీమలు మూగుట నొక గురుతుగా జెప్పెను; మధుమేహమన్న పేరే తేనెవంటి మూత్రమునుబట్టి వచ్చినది. సుశ్రుతుడు చికిత్సాస్థానమున, ధనము లేనివాడు, బంధువులు లేనివాడు ఈ వ్యాధికి లోనయ్యెనేని, చెప్పులు గొడుగు లేక, భిక్షాన్నము తినుచు, గ్రామమున కొక్క రాత్రి మాత్రము నిలుచుచు, మునివలె మనస్సు నదుపులో నుంచుకొని నూరు యోజనములో, అంతకెక్కువయో నడువవలెనని విధించెను. మరియొకచో బావి త్రవ్వుమనెను. ధనికుని సయితము విడువక, చామలు, నివ్వరి గింజలు తినుచు లేళ్లతో సంచరింపుమనెను. (నేటి మధుమేహి చెప్పులు లేక నడచిన, పాదమున స్పర్శ సన్నగిల్లి పుండు పడుట తెలియకపోవచ్చును గనుక ఆ యొక్క మాట పాటింపరాదు.) ఈ వైద్యవిధిని చదివినప్పుడెల్ల నా హృదయము తడియగును. ఇరువదవ శతాబ్దపు యంత్రములు లేని యా వైద్యుడు రోగి చేతికి మందుపొట్లము నిచ్చి ఊరకుండలేదు, ఒక యాశ్రమధర్మమునే యిచ్చెను. బావి త్రవ్విన రోగి చెమట ఆరోగ్యమునకును, నీరు ఊరికిని. ఇక ఆ తీపి మూత్రమునకే నేటి వైద్యమున మరియొక ముఖము గలదు: 1835లో ఆపిల్ చెట్టు వేళ్ల బెరడునుండి తీసిన ఫ్లోరిజిన్ అను చేదుపదార్థము మూత్రమున చక్కెరను విడిపించుట చూచి, దాని యడుగుజాడలలో నిటీవల చేసిన మందులు మూత్రపిండముల పీడనమును తగ్గించి కాపాడుచున్నవి. వ్యాధికి గురుతైన తీపి మూత్రమే, కావలెనని కల్పించినపుడు రక్షణోపాయమైనది.

ఇక అక్కయ్య ప్రశ్నకు వత్తును. అనన్యచిత్తులై తన్ను సేవించువారి యోగక్షేమములను తానే వహింతునని భగవంతుడు గీతలో మాట యిచ్చియున్నాడు. శంకరాచార్యులు అచ్చట, లేనిది లభించుట యోగము, ఉన్నదానిని కాపాడికొనుట క్షేమము అని విడదీసి, పిమ్మట నొక శంకను దామే లేవనెత్తిరి: తక్కిన భక్తుల యోగక్షేమములను సయితము భగవంతుడే వహించుచుండగా ఈ ప్రత్యేకపు మాట యేల? దానికి వారిచ్చిన సమాధానము నాకు పెన్నిధి. తక్కినవారు తమకొరకు తాము గూడ ప్రయత్నింతురు, ఆ యనన్యదర్శులు మాత్రము బ్రతుకునందుగాని చావునందుగాని యాశలేక, తమకై తాము ప్రయత్నింపరు, అంతియే భేదమనిరి. అనగా ప్రయత్నించు భక్తుని స్వామి విడిచిపెట్టునని వారనలేదు. వానిదియు నాతడే మోయుచున్నాడనిరి. నేను అనన్యదర్శిని గాను. బ్రతుకవలెనన్న కోరిక నాకు నిండుగా నున్నది. లేని జ్ఞానమును నటించి సూదిని పారవేసినచో, అది వైరాగ్యమగునా?

శరణాగతికి పాంచరాత్రాగమములు ఆరంగములు చెప్పినవి. రక్షించునన్న విశ్వాసము, రక్షింపుమన్న ప్రార్థన, ఆత్మసమర్పణము, దైన్యము అనునవి మనమందర మెరిగినవే. కాని యా జాబితా మొదట నున్నవి ఆనుకూల్య సంకల్పము, ప్రాతికూల్య వర్జనము. అనుకూలమైనది చేయుదునన్న నిశ్చయము, ప్రతికూలమైనదానిని విడుచుట. స్వామికి అనుకూలమైన నడవడిని గూర్చి యవి చెప్పబడినవని యెరుగుదును. అయినను ఆయన యిచ్చిన దేహము విషయమున ఆ రెండింటికి పథ్యమనియే పేరని నా విశ్వాసము. కోతిపిల్ల తల్లిని తానే కరచుకొనవలెనని యొక సంప్రదాయము, పిల్లికూనను తల్లియే నోట కరచుకొని పోవునని మరియొక సంప్రదాయము శ్రీవైష్ణవులలో వాదించికొనుట ప్రసిద్ధము. కాని వా రిరువురు వాదించినది మోక్షోపాయమును గూర్చి. పిల్లికూన వాదమును నమ్మిన యాచార్యులు జ్వరమునకు కషాయము త్రాగుట మానలేదు. మా అక్కయ్య పరమునకు జెప్పిన మాటను ఇహమునకు దెచ్చినది. భారము దించుకొనవచ్చును; అయితే ఏది భారము? మాత్ర, ఉప్పు, నడక, సూది, ఇవి నా పనులు. పనులన్నియు జేసిన పిమ్మటగూడ ఆ యంకె పెరుగవచ్చును. పరుగెత్తి యలసిన యా సూక్ష్మయంత్రములు నిలిచిపోవచ్చును. నా ప్రయత్నమునకు అందని యా భాగమున్నదే, రాత్రులలో గుండెపై కూర్చుండునది యదియే. దానిని మాత్రము నేను ఆయన పాదములకడ నుంచగలను. ఇన్నాళ్లును రెండును కలగలిసిపోయి యుండుటచే దేనిని మోయవలెనో, దేనిని దించవలెనో తెలియక తడబడితిని.

వైశాఖమున రెండవ పరీక్ష. నరసింహజయంతికి రెండు దినములు ముందు, ఉదయమే డబ్బా నింపియిచ్చి, అక్కయ్యను వెంటబెట్టుకొని మంగళగిరి పోయితిని. మెట్లెక్కుట ఆమెకు కష్టమని నేనన్నను వినక, మోకాలిపై చేయియుంచి యొక్కొక్క మెట్టే యెక్కినది. అచ్చటి కొండపై నరసింహుడు పానకాలస్వామిగా వెలసిన సన్నిధిని మీరెరుగుదురు: తెరచిన యా నోటిలో అర్చకుడు శంఖముతో బెల్లపు పానకమును పోయుచుండగా గుటకలు వేసిన చప్పుడు వినవచ్చును, కొంతసేపటికి ఆ చప్పుడు నిలిచిపోవును, మిగిలినది భక్తునకు ప్రసాదము. తెచ్చినదానిలో సగము పుచ్చుకొని సగము మిగుల్చు స్వామి. ఇంత బెల్లము కారుచున్నను ఈ కొండపై చీమ కనబడదని భక్తులు చెప్పికొందురు; అక్కయ్య ప్రతిమారును గోడవారగా వంగి వెదకి, లేవని తృప్తిపడును. నాకు చరకుని చీమలు జ్ఞప్తికి వచ్చి, నేనును వెదకితిని.

ప్రసాదమును నిరాకరించుట యపచారమని, పుచ్చుకొనుట యపథ్యమని యెన్ని దేవాలయములలో నేను నలిగిపోతినో! మిరియము, ఏలకి వాసనతో గ్లాసునిండ పానకము అక్కయ్య చేతిలో నున్నది. ఆమె నావంక కొంచెముసేపు చూచినది. పిదప ఉంగరపు వ్రేలిని అందు ముంచి, నా నాలుకపై ఒక్క బొట్టు రాచి, "నీ వంతు నేను తాగుతాలే" యని గ్లాసెత్తి మొత్తము త్రాగివేసినది. ఆ బొట్టు తీపి మెట్లు దిగువరకు నాలుకపై నిలిచినది.

సగము మెట్లు దిగి నీడపట్టున కూర్చుంటిమి. క్రింద వీధులు, తాళ్లు, దూరమున కృష్ణవైపు మసక. అక్కయ్య చీరకొంగుతో ముఖము తుడుచుకొని, కొంతసేపు ఊరకుండి, మెల్లగా నడిగినది.

"ఏరా, ఆ రిపోర్టు వచ్చిందా?"

"ఇంకా లేదక్కయ్యా. సాయంత్రానికి ఇస్తామన్నారు."

"ఫోన్ చేసి అడగరాదట్రా?"